వైఫై పెట్టెలకు పెద్ద ఎవరు? వర్చువల్ కంట్రోలరు, క్లౌడు నిర్వహణ

బరంపురం నుండి గొళంతర, గిరిసోల మీదుగా ఇచ్ఛాపురం వైపు బస్సులో ప్రయాణించే వారి చేతిలోని ఫోను దారిలో ఒక చిన్న పని చేస్తుంది. ఎక్కడో ఒకచోట ఒడిశా టవరును వదలి ఆంధ్రప్రదేశ్ టవరును పట్టుకుంటుంది. చాలాసార్లు అది మనకు తెలియను కూడా తెలియదు. ఒకప్పుడు ఈ మార్పునకు రోమింగు చార్జీలు పడేవి గనుక సరిహద్దు గ్రామాల వారందరికీ దీని సంగతి బాగా తెలుసు. ఏ టవరు వదలాలి, ఏ టవరు పట్టుకోవాలి అన్న నిర్ణయాల వెనుక ఫోను కంపెనీ వారి పెద్ద యంత్రాంగం ఉన్నది.

సరిగ్గా ఇటువంటి పనే ఇప్పుడు మన బడులలోను, ఆసుపత్రులలోను, కల్యాణ మండపాలలోను చిన్న ఎత్తున జరుగుతున్నది. అక్కడ గోడకో, పైకప్పుకో తెల్లని పళ్ళెం వంటి పెట్టెలు నాలుగైదు బిగించి ఉండడం పాఠకులు చూసే ఉంటారు. వాటిని యాక్సెస్ పాయింట్లు అంటారు. ఒక్కొక్క పెట్టె తన చుట్టూ ఉన్న కొంత మేరకు మాత్రమే వైఫై ఇస్తుంది. పిల్లవాడు ట్యాబ్ పట్టుకొని ఎనిమిదవ తరగతి గది నుండి ప్రయోగశాలకు నడచి వెళితే, ఒక పెట్టె వదలి మరొక పెట్టె అందుకోవాలి. ఇన్ని పెట్టెలు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో, ఒకదాని మాట ఒకటి అడ్డగించకుండా పనిచేయాలంటే వాటికి ఒక పెద్ద ఉండాలి. ఆ పెద్ద ఎక్కడ ఉంటాడు, అతడు లేనినాడు ఏమవుతుంది అన్నదే ఈ వ్యాసంలోని విషయం. పాఠశాల నిర్వహణ కమిటీలలో కూర్చునే తల్లిదండ్రులు ఇటువంటి కొనుగోళ్ళ మీద సంతకం చేయవలసి వస్తున్నది కావున, ఇది వారికి అక్కరలేని సాంకేతిక విషయం కాదు.

మొదట కంట్రోలరు గది

వైఫై వచ్చిన తొలినాళ్ళలో ఏ పెట్టెకు ఆ పెట్టెయే పెద్ద. పది పెట్టెలు ఉంటే పదింటికీ విడివిడిగా పేరు, పాస్‌వర్డు, చానలు రాసుకుంటూ పోవాలి. పాస్‌వర్డు మార్చాలంటే నిచ్చెన వేసుకొని కాకపోయినా, కంప్యూటరులో పదిసార్లు అదే పని చేయాలి. ఒకటి మరచిపోతే ఆ గదిలో పని నిలిచిపోతుంది.

ఈ ఇబ్బంది తీర్చడానికి 2000 తరువాతి సంవత్సరాలలో కంట్రోలరు అనే ప్రత్యేక యంత్రం వచ్చింది. 2001లో మొదలైన ఎయిర్‌స్పేస్, 2002లో కీర్తి మెల్కోటే, పంకజ్ మంగ్లిక్ అమెరికాలో స్థాపించిన అరుబా నెట్‌వర్క్స్ వంటి సంస్థలు ఈ పద్ధతికి ప్రసిద్ధి. 2005లో ఎయిర్‌స్పేస్‌ను సిస్కో కొనుగోలు చేసింది. బుద్ధి అంతా కంట్రోలరులో ఉండి, గోడ మీది పెట్టెలు కేవలం దాని చేతులుగా పనిచేసేవి. పెద్ద విశ్వవిద్యాలయాలకు, కార్యాలయాలకు ఇది చక్కగా సరిపోయింది. కానీ ఐదు పెట్టెలు చాలునన్న బడికి అంత ఖరీదైన యంత్రం, దానికొక గది, చల్లదనం, విద్యుత్తు ఎక్కడివి? పైగా ఆ ఒక్క యంత్రం చెడితే బడి మొత్తానికి వైఫై పోతుంది. అది పోకుండా ఉండాలంటే రెండో కంట్రోలరు కొనాలి.

2011లో అరుబా సంస్థ ఇన్‌స్టాంట్ అనే పేరుతో మరొక మార్గం చూపింది. విడి యంత్రం అక్కరలేదు, పెట్టెలలోనే ఒకటి కంట్రోలరు బాధ్యత కూడా వహిస్తుంది. యంత్రం లేకుండా కంట్రోలరు ఉన్నది గనుక దానికి వర్చువల్ కంట్రోలరు అని పేరు పెట్టారు. 2015లో అరుబాను హెచ్.పి. సంస్థ కొన్నది. అదే ఏడు హెచ్.పి. రెండుగా చీలినప్పుడు అరుబా హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ భాగానికి వెళ్ళింది. రకస్ వారి అన్‌లీష్డ్, సిస్కో వారి మొబిలిటీ ఎక్స్‌ప్రెస్ కూడా ఇదే ఆలోచనకు వేరు వేరు పేర్లు.

ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయుడు

దీనిని ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు ఇట్టే గ్రహిస్తారు. ప్రధానోపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉన్న బడిలో ఉపాధ్యాయులలో ఒకరు ఇన్‌చార్జిగా ఉంటారు. ఆయన తన తరగతులు తాను చెప్పుకుంటూనే హాజరు పట్టీ చూస్తారు, పై అధికారులకు జవాబు రాస్తారు. ఆయన సెలవు పెడితే మరొకరు ఆ కుర్చీలో కూర్చుంటారు. బడి మూతపడదు. వర్చువల్ కంట్రోలరు కూడా అటువంటిదే. పెద్దగా ఎన్నికైన పెట్టె తన గదిలోని ఫోన్లకు వైఫై ఇస్తూనే మిగిలిన పెట్టెల సంగతి కూడా చూస్తుంది.

మరి ఎన్నిక ఎట్లా జరుగుతుంది? ఒకే స్విచ్చికి, ఒకే అంతర్గత నెట్‌వర్కుకు కలిపిన పెట్టెలు విద్యుత్తు రాగానే ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి. నిర్వాహకుడు ముందుగానే ఫలానా పెట్టె పెద్దగా ఉండాలని గుర్తు పెట్టి ఉంటే దానికే మొదటి హక్కు. అట్లా గుర్తు లేకపోతే పెట్టె సామర్థ్యం, అది ఎంతసేపటి నుండి వెలుగుతున్నది వంటి కొలతలు చూసుకొని ఒకటి నిలుస్తుంది. తరువాత అది క్రమం తప్పకుండా తాను బతికే ఉన్నానని తోటి పెట్టెలకు సందేశం పంపుతూ ఉంటుంది. ఆ సందేశం ఆగిపోతే మిగిలినవి కొద్దిసేపు చూసి, తమలో ఒకదానిని నిలుపుకుంటాయి. ఎవరూ వచ్చి మీట నొక్కనక్కరలేదు.

ఇక్కడ కుర్చీ వేరు, కూర్చున్న వ్యక్తి వేరు అన్న సంగతి ముఖ్యం. వర్చువల్ కంట్రోలరుకు నిర్వాహకుడు ఒక ప్రత్యేక ఐ.పి. చిరునామా కేటాయించవచ్చు. ఆ చిరునామా ఏ పెట్టెదీ కాదు, అది కుర్చీది. ఈరోజు గ్రంథాలయంలోని పెట్టె పెద్ద అయితే ఆ చిరునామా దాని దగ్గర ఉంటుంది. రేపు అది చెడి కార్యాలయంలోని పెట్టె పెద్ద అయితే చిరునామా అక్కడికి వెళ్ళిపోతుంది. నిర్వాహకుడు ఎప్పటిలాగే అదే చిరునామా టైపు చేసి లోపలికి వెళతాడు. అరుబా వారి పాత పత్రాలలో ఈ పెద్ద పెట్టెకు మాస్టరు అని, మిగిలినవాటికి స్లేవ్ అని ఉండేది. ఇటీవలి పత్రాలలో ఆ మాటలు తీసివేసి కండక్టరు, మెంబరు అని రాస్తున్నారు. మంచి పనే.

పెద్ద చేసే పనులలో మొదటిది అందరికీ ఒకే నియమావళి పంచడం. పేరు, పాస్‌వర్డు, ఏ వేళ ఎవరికి అనుమతి అన్నవి ఒక్కచోట మారిస్తే అన్ని పెట్టెలకూ అందుతాయి. కొత్త పెట్టె తెచ్చి తగిలిస్తే దానికీ ఆ నియమావళి, అవే సాఫ్ట్‌వేరు వెర్షను చేరుతాయి. రెండవది చానళ్ళ సర్దుబాటు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి రాసుకోని చానళ్ళు మూడే, 1, 6, 11. పక్క పక్క గదులలోని పెట్టెలు ఒకే చానలులో ఉంటే రెండూ మెల్లగా నడుస్తాయి. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చోటు ఎక్కువ, కానీ గోడలు దాటే శక్తి తక్కువ. మన పాత బడుల మందపాటి రాతి గోడలకు ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

అన్నిటికన్నా ఎక్కువగా అపార్థం చేసుకునే సంగతి ఒకటి ఉన్నది. ఫోన్ల సమాచారమంతా పెద్ద పెట్టె గుండానే పోతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అట్లా కాదు. ఏ ఫోను ఏ పెట్టెను పట్టుకున్నదో ఆ పెట్టె నుండే దాని సమాచారం స్విచ్చికి, అక్కడి నుండి బయటి లైనుకు వెళుతుంది. మామూలు పాస్‌వర్డును సరిచూడడం కూడా ఏ పెట్టెకు ఆ పెట్టెయే చేసుకుంటుంది. అందువలన పెద్ద పెట్టె చెడినప్పుడు ఇబ్బంది పడేది ముఖ్యంగా దాని గదిలోని వారే. పక్క గదిలో పాఠం సాగుతూనే ఉంటుంది. అతిథుల కోసం పెట్టిన నెట్‌వర్కులో చిరునామాలు కంట్రోలరే పంచేటట్లు అమర్చి ఉంటే మాత్రం, కొత్తగా వచ్చినవారు మరో పెద్ద కుదురుకునేవరకు ఆగవలసి వస్తుంది.

ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉన్నది. బడికి రెండు భవనాలు ఉండి, వాటి మధ్య కేబులు తెగిందనుకోండి. అవతలి పెట్టెలకు ఇవతలి పెద్ద కనబడడు. అవి తమకొక పెద్దను నిలుపుకుంటాయి. ఇప్పుడు ఒకే పేరు మీద ఇద్దరు పెద్దలు, ఒకే చిరునామాకు రెండు కుర్చీలు. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లా ఒడిశాకు, మద్రాసు రాష్ట్రానికి మధ్య చీలినప్పటి సంగతులు పెద్దల నోట విన్నవారికి ఇది ఎక్కువ వివరించనక్కరలేదు. కేబులు అతికించగానే ఇద్దరిలో ఒకరు తప్పుకుంటారు. అప్పటివరకు ఒకవైపు చేసిన మార్పులు మరొకవైపు తెలియవు. అందుకే కేబులు తెగి ఉన్న వేళ పాస్‌వర్డులు మార్చడం వంటి పనులు పెట్టుకోకూడదు.

ఎన్ని పెట్టెల వరకు ఇది నడుస్తుంది అంటే, అరుబా వారు తమ ఇన్‌స్టాంట్ సమూహానికి 128 పెట్టెలను హద్దుగా సూచిస్తారు. గ్రామ పాఠశాలకు, చిన్న ఆసుపత్రికి ఇది ఎన్నటికీ అందని హద్దు.

మేఘంలో ఉన్న జిల్లా కార్యాలయం

ఇక క్లౌడు. మాటకు అర్థం మేఘం. వాస్తవానికి అది ఎక్కడో ఒక నగరంలోని పెద్ద కంప్యూటర్ల గది. బడి ఇన్‌చార్జి పైన జిల్లా విద్యాధికారి ఉన్నట్లే, వర్చువల్ కంట్రోలరు పైన క్లౌడు నిర్వహణ ఉంటుంది. అరుబా వారి సెంట్రల్, 2006లో మొదలై 2012లో సిస్కో చేతికి వచ్చిన మెరాకి ఇటువంటివి. పెట్టె మొదటిసారి వెలిగినప్పుడు అంతర్జాలం దొరికితే తన క్రమ సంఖ్య చెప్పి, తన యజమాని ఎవరో సంస్థ సర్వరును అడిగి తెలుసుకుంటుంది. ఆపైన ఆ యజమాని రాసి ఉంచిన నియమాలు దిగుమతి చేసుకుంటుంది. భువనేశ్వరంలో కూర్చున్న ఒక మనిషి చికిటి, పాత్రపురం, దిగపొహండి బడులన్నింటి పెట్టెలను ఒకే తెరపై చూడగలగడం దీని ప్రయోజనం. నిపుణులు పట్టణాలలోను, బడులు పల్లెలలోను ఉన్న మన జిల్లాకు ఇది నిజంగా అక్కరకు వచ్చే ఏర్పాటు.

పెట్టెల సంఖ్య పెరిగిన చోట ఇటువంటి దూర నిర్వహణ లేకపోతే పని జరగదు. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో రైల్‌టెల్, గూగుల్ కలిసి ఉచిత వైఫై ప్రారంభించాయి. అదే ఏడు ఏప్రిల్‌లో మనకు ఇటువైపు భువనేశ్వరం, అటువైపు విశాఖపట్నం స్టేషన్లకు ఆ వసతి వచ్చింది. 2020లో గూగుల్ తప్పుకున్నా, రైల్‌టెల్ దానిని కొనసాగించి 2021 నాటికి 6,000 స్టేషన్లకు విస్తరించింది. ప్రతి ప్లాట్‌ఫారానికి ఒక మనిషిని పంపి పెట్టెలు సరిచూడడం అయ్యే పని కాదు.

అన్ని క్లౌడు ఏర్పాట్లూ ఒకటి కావన్నది ఇక్కడ గమనించాలి. ఒక పద్ధతిలో వర్చువల్ కంట్రోలరు తన గుంపు తరఫున క్లౌడుతో మాట్లాడుతుంది. మరొక పద్ధతిలో గుంపుకు పెద్ద అంటూ ఉండదు, ప్రతి పెట్టె నేరుగా క్లౌడుతోనే మాట్లాడుతుంది. మెరాకి మొదటి నుండి ఈ రెండవ తరహా. అరుబా వారి పెట్టెలలో కూడా ఏ.ఓ.ఎస్. 10 అనే సాఫ్ట్‌వేరు వేస్తే వర్చువల్ కంట్రోలరు ఉండదు. ఇదిగాక, పెద్ద కంప్యూటరులో సాఫ్ట్‌వేరుగా నడిచే కంట్రోలరును కూడా కొందరు విక్రేతలు వర్చువల్ కంట్రోలరు అనే పిలుస్తారు. పేరు ఒకటే, వస్తువు వేరు. కొటేషనులో ఆ మాట కనబడితే ఏ అర్థంలో వాడారో అడగడం అవసరం.

గాలివాన నాడు

మన తీరంలో ఈ తేడాలు పుస్తకానికే పరిమితం కావు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి శ్రీకాకుళం, గంజాం, గజపతి జిల్లాలను ముంచింది. స్తంభాలు కూలినప్పుడు కరెంటుతోపాటు కేబుళ్ళు కూడా పోతాయి. తుపాను లేకపోయినా రోడ్డు పనుల పొక్లెయిను ఒక్క దెబ్బతో ఫైబరు తెంచగలదు. సూరత్‌లో మగ్గం మీద ఉన్న కొడుకుతో మాట్లాడాలనుకునే తల్లికి ఆ రోజే ఫోను కావలసి వస్తుంది.

బయటి లైను తెగినప్పుడు అంతర్జాలం ఎటూ రాదు. వైఫై పెట్టె ఎంత మంచిదైనా ఆ కాల్ కలపలేదు. కానీ భవనం లోపలి నెట్‌వర్కు బతికే ఉండాలి. బడి కంప్యూటరులో దాచిన పాఠాల వీడియోలు తరగతి తెర మీదికి రావాలి, కార్యాలయంలో ప్రింటరు పనిచేయాలి. వర్చువల్ కంట్రోలరు ఉన్న గుంపు క్లౌడు కనబడకపోయినా చివరిసారి అందిన నియమావళితో ఇట్లా నడుస్తూనే ఉంటుంది. మధ్యలో ఒక పెట్టె పోయినా కొత్త పెద్దను ఎన్నుకుంటుంది. పెద్ద లేని క్లౌడు పెట్టెలు కూడా చాలావరకు పాత నియమాలతో నడుస్తాయి. అయితే వాటిలో మార్పు చేయాలంటే లైను తిరిగి రావాలి. లాగిన్ పేజీ క్లౌడులో ఉన్న అతిథి నెట్‌వర్కు మాత్రం లైను లేనిదే తలుపు తీయదు.

ఒక గుంపునకు 4జి మోడెము తగిలించి ఉంచితే, ఫైబరు తెగినా టవరు నిలిచి ఉన్నంతవరకు అత్యవసర మాటలకు దారి దొరుకుతుంది. విద్యుత్తు సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ పెట్టెలకు కరెంటు నెట్‌వర్కు కేబులు ద్వారానే స్విచ్చి నుండి వస్తుంది. 802.3ఏఎఫ్ అనే ప్రమాణం ప్రకారం స్విచ్చి ఒక్కొక్క పెట్టెకు ఇచ్చేది గరిష్ఠంగా 15.4 వాట్లు. అంటే ఐదు పెట్టెలకు 77 వాట్లు, ఇంచుమించు ఒక పాత పంకా తినేంత. స్విచ్చిని ఇన్వర్టరుకు కలిపితే అన్ని పెట్టెలూ వెలుగుతాయి. పెట్టెలకు ఇన్వర్టరు ఇచ్చి స్విచ్చిని మరచిన చోట్లు నేను చూశాను గనుక ఇంతగా రాస్తున్నాను. కొత్త నమూనాలు కొన్ని ఇంతకన్నా ఎక్కువ విద్యుత్తు అడుగుతాయి. కొనేటప్పుడు స్విచ్చి, పెట్టె ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూసుకోవాలి.

గాలివాన కన్నా నిశ్శబ్దంగా వచ్చే ఆపద లైసెన్సు గడువు. క్లౌడు నిర్వహణకు ఏటేటా, లేదా కొన్నేళ్ళకు ఒకసారి చందా కట్టాలి. దాత ఇచ్చిన డబ్బుతోనో, పథకం నిధులతోనో పెట్టెలు వస్తాయి, మూడేళ్ళ చందా కూడా వాటితోనే వస్తుంది. నాలుగో ఏడు ఎవరు కడతారన్నది కాగితం మీద ఉండదు. చందా ఆగితే కొన్ని రకాల పెట్టెలు క్లౌడు నుండి విడిపోయి, చివరి నియమావళితో సొంతంగా నడుస్తాయి. కొన్ని ఒప్పందాల ప్రకారం అయితే గడువు దాటిన కొద్దికాలానికి పెట్టె వైఫై ఇవ్వడమే మానివేస్తుంది. అప్పుడది గోడకు అలంకారం.

మా బడి అనుభవం ఒకటి చెబుతాను. ఐదు పెట్టెలు. ఒక వేసవి పిడుగుకు అందులో ఒకటి కాలిపోయింది. అదే పెద్ద పెట్టె అని మాకు తరువాత తెలిసింది. మిగిలిన నాలుగూ ఏమీ జరగనట్లు నడిచాయి. ఇంజనీర్లను మెచ్చుకోవలసిందే. కానీ కొత్త పెట్టె తెచ్చి చేర్చబోతే నిర్వాహక పాస్‌వర్డు ఎవరి దగ్గరా లేదు. అమర్చి వెళ్ళిన కుర్రవాడు ఉద్యోగం మారాడు. క్లౌడు ఖాతా అతడి సొంత ఈమెయిలు మీద ఉన్నది. ఖాతా బడి పేరుకు మారేసరికి దసరా సెలవులు వచ్చాయి. అంతకాలం ఆరవ తరగతి పిల్లలు వరండాలో నిలబడి పాఠం దించుకున్నారు. యంత్రాలు తమ పెద్దను నిమిషాలలో ఎన్నుకున్నాయి, మాకు మాత్రం నెలలు పట్టింది.

కావున కమిటీలో ఉన్న తల్లిదండ్రులు కొటేషను చూసేటప్పుడు ధర ఒక్కటే చూడకుండా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. లైను లేని రోజున లోపలి నెట్‌వర్కు నడుస్తుందా? చందా ఆగిన మరునాడు పెట్టెలు పనిచేస్తాయా, ఆ మాట రాసి ఇస్తారా? క్లౌడు ఖాతా బడి ఈమెయిలు మీద తెరుస్తారా? ఒక పెట్టె చెడితే అదే నమూనా దొరకకపోయినా మరొకటి ఆ గుంపులో చేరుతుందా? చివరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గాని, ఒకే సాఫ్ట్‌వేరు వెర్షను నడపలేని పాత, కొత్త పెట్టెలు ఒక గుంపులో కలవవు. అన్ని పెట్టెలూ ఒకే అంతర్గత నెట్‌వర్కులో ఉన్నాయో లేదో కూడా అమర్చే రోజునే చూపించమనాలి. తనిఖీ సులభం. అందరి ఎదుట పెద్ద పెట్టె కేబులు ఊడదీయమనండి. పక్క గదిలో ఫోను పనిచేస్తున్నదో లేదో చూసి, కొత్త పెద్ద నిలిచిన తరువాత అదే చిరునామాకు లాగిన్ అయి చూపమనండి. ఆ తరువాత బయటి లైను తీసి, లోపలి కంప్యూటరు నుండి ఒక వీడియో నడపమనండి. పావుగంట పని.

పంచాయతీలలోను, టీ దుకాణాలలోను పెట్టే పి.ఎం. వాణి వైఫైకి కూడా ఈ ప్రశ్నలలో కొన్ని వర్తిస్తాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకంలో దుకాణదారు లైసెన్సు లేకుండానే వైఫై అమ్మవచ్చు. వాడకందారుల అనుమతి, లెక్కలు మాత్రం అగ్రిగేటరు సంస్థ చూస్తుంది. అంటే దుకాణంలోని పెట్టె ఆ సంస్థ మీద ఆధారపడి ఉంటుంది. ఒప్పందంలో ఆ భాగం చదివి సంతకం చేయాలి.

మా బడిలో ఇప్పుడు కుర్చీ చిరునామా, నిర్వాహక పాస్‌వర్డు, చందా గడువు తేదీ, ఐదు పెట్టెల క్రమ సంఖ్యలు ఒక కాగితం మీద తెలుగులోను, ఒడియాలోను రాసి హాజరు పట్టీలున్న బీరువాలో పెట్టాము. తాళం చెవి ప్రధానోపాధ్యాయుల దగ్గర ఒకటి, ఇన్‌చార్జి దగ్గర ఒకటి ఉన్నాయి.